నొప్పికి ఇన్ని పేర్లు

మేదాన్, ఫిబ్రవరి 2

ఎయాంగ్,

మీ మోకాళ్ల మీద తల ఆనించి నమస్కారం పెట్టాననుకోండి. ఫోన్‌లో అయితే నా మాట మీకు వినపడదు. మీరు చెప్పేదాంట్లో సగం ముర్యో బాబాయి మధ్యలోనే మింగేసి "అమ్మ బాగానే ఉంది" అని తేల్చేస్తాడు. మనవరాలికి నానమ్మ మాట కావాలంటే ఇక ఉత్తరమే దారి.

పైగా నాకు ఈమధ్య రాయడమంటే పిచ్చి పట్టింది. బస్సు టికెట్టు వెనకాల కూడా రాస్తున్నాను. మా మాస్టారు తరగతికి ఒక పని పెట్టారు. ఎవరింటి మాటలు వాళ్లు పోగు చేసుకుని రావాలట. సముద్రం పక్క నుంచి వచ్చిన అబ్బాయి గాలులకున్న పేర్లన్నీ తెచ్చాడు. కొండ మీది పిల్ల వానల పేర్లు తెచ్చింది. నేనింకా వట్టి చేతులతోనే ఉన్నాను. మనింటి మాటల మూట ఉన్నది మీ దగ్గర కదా, కాస్త విప్పి పంపండి.

జావా దాటి చదువుకొచ్చిన ఈ ఊళ్లో తిండి ఒక్కటే కష్టంగా ఉంది. ఇంటావిడ ఇనాంగ్ తియుర్ పిసినారి అనను గానీ, చెయ్యి మాత్రం ముందుకు రాదు. చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చి "తింటావా?" అంటుంది. "వద్దులెండి" అంటాను. "సరే" అని గిన్నె లోపల పెట్టేస్తుంది. రెండో మాట ఉండదు. పులుసు వాసన మాత్రం రాత్రిదాకా నా గదిలోనే ఉంటుంది.

మీ ఒంట్లో ఎలా ఉంది? క్యాన్సర్ ఎముకలకు పాకిందని డాక్టరు చెప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. మీరు ఆయనకు వక్కపొడి ఇవ్వబోయారు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నొప్పి గురించి మీరొక్క మాటా అనలేదు. ఇంటికొచ్చి చూసే నర్సు వస్తోందా? ఎల్లుండి క్లివోన్ మంగళవారం, ముప్ఫై అయిదు రోజులకోసారి వచ్చేది. పద్యాల కూటానికి వెళ్తున్నారా? మొదటి పద్యం మీరు పాడకపోతే అక్కడ ఎవరూ నోరు తెరవరు.

ఆకలితో, ప్రేమతో,
వెనింగ్

*

క్లాతెన్, ఫిబ్రవరి 11

గెందుక్,

నిండు నూరేళ్లు బతుకు, నా చిట్టితల్లీ. నీ ఉత్తరం అందింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నా, మాటలు బాగున్నాయి.

నువ్వు "వద్దులెండి" అన్నందుకు సంతోషం. పెంపకం వృథా పోలేదు. మొదటి పిలుపుకే చెయ్యి చాచేది పిల్లి. రెండోసారి అడిగితే కాస్త నసగాలి. మూడోసారి "మీరంతగా అంటుంటే" అని పళ్ళెం ముందుకు జరపాలి. ఆవిడ మూడోసారి దాకా రావడం లేదంటే ఆ ఊళ్లో మర్యాదలే అంత అనుకుని ఓర్చుకో.

ఇక్కడికీ అలాంటిదే ఒకతి వస్తుంది. ఆస్పత్రి వాళ్లు పంపే నర్సు, పేరు ఒదిలియా. ఫ్లోరెస్ దీవి పిల్ల. బండి ఇంకా ఆపకుండానే వాకిట్లోంచి మాట్లాడటం మొదలుపెడుతుంది. నవ్వితే వంటింట్లో గిన్నెలు కూడా నవ్వుతాయి. మంచిదే గానీ ఓపిక లేదు. ఏదైనా ఒకసారి అడుగుతుంది, రాసుకుంటుంది, వెళ్లిపోతుంది.

నా ఒళ్లు బాగానే ఉంది. నడుం కాస్త పట్టేసినట్టు ఉంటుంది, అంతే. కూటానికి వెళ్లలేదు. వాన.

మాటలు కావాలన్నావు. గాలీ వానా ఎవరైనా తెస్తారు. నేను నీకు నొప్పి మాటలు పంపుతాను. ముసలివాళ్ల దగ్గర సరుకు అదే కదా.

సలుపు అంటే కురుపు లోపల ఇంకో గుండె కూర్చుని కొట్టుకుంటున్నట్టు ఉండేది. పోటు అలా కాదు. వస్తుంది, పొడుస్తుంది, పోతుంది. ఎక్కడ పొడిచిందో వేలు పెట్టి చూపించగలం. తీపు పిక్కల్లో పుడుతుంది, ఎవరైనా కాళ్లు తొక్కితే బాగుండుననిపిస్తుంది. పీకుడు ఎముకది. దానికి తొందర లేదు. తడిబట్టను పిండినట్టు నడుం దగ్గర మొదలుపెట్టి తుంటి దాకా పిండుకుంటూ వస్తుంది. అయిపోయిందనుకుంటామా, దులిపి మళ్లీ మొదటి కొస నుంచి పిండుతుంది. జివ్వుమనడం పక్కకు ఒత్తిగిలినప్పుడు వస్తుంది. తుంటి నుంచి మడమ దాకా నిప్పురవ్వ పరిగెత్తినట్టుంటుంది. మంట చర్మానిది. ఒంటి మీద బట్ట కూడా బరువే అప్పుడు.

వీటన్నిటికీ అడుగున ఒకటుంది. దానికి పేరు లేదు. అది ఉన్నప్పుడు మనిషి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఎవరైనా గదిలోకొస్తే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంటుంది. చదువుకున్నదానివి, దానికి నువ్వే పేరు పెట్టు.

ఇట్లు,
నీ ఎయాంగ్ సుకప్తి

*

మేదాన్, ఫిబ్రవరి 20

ఎయాంగ్,

ఈ రోజు తరగతిలో మీరు గెలిచారు. గాలులూ వానలూ వెలవెలబోయాయి. మీ ఉత్తరం చదివాక మాస్టారు "ఇంకోసారి చదువు" అన్నారు. తడిబట్ట పిండటం దగ్గర వెనక బెంచీ వాళ్లు కూడా గుసగుసలు ఆపారు. చివర చప్పట్లు కొట్టారు. "మీ నానమ్మ ఊహాశక్తి గొప్పది" అన్నారు మాస్టారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ పేరు లేనిదానికి పేరు కోసం నిఘంటువులో

ఇంతవరకు మధ్యాహ్నం రాశాను, ఎయాంగ్. ఇప్పుడు సాయంత్రం.

వంటింట్లో ఇనాంగ్ తియుర్ ఉల్లిపాయలు ఒలుస్తుంటే ఆవిడకూ మీ నొప్పి మాటలు చదివి వినిపించాను, గొప్పకి. ఆవిడ ఒలవడం ఆపింది.

"ఆ చివరిది మళ్లీ చదువు."

చదివాను.

"ఎవరు రాశారే ఇది?"

"మా ఎయాంగ్, మా నానమ్మ. ఆవిడకు మాటలంటే ప్రాణం."

"మాటలు కావు పిల్లా ఇవి. మా అత్త కడుపులో గడ్డతో పోయింది. మేం గదిలోకి వెళ్తే గోడవైపు తిరిగి, కళ్లు మూసుకునేది. ఎంత బాగా నిద్రపోతోందో అనుకునేవాళ్లం." కత్తి పక్కన పెట్టింది. "నీకొచ్చింది ఉత్తరం కాదు, కేక. నువ్వు దానికి చప్పట్లు కొట్టించుకొచ్చావు."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెంటనే బాబాయికి ఫోన్ చేశాను. ఎయాంగ్, నిజం చెప్పండి. ఆ మాటల్లో మీవి ఎన్ని?

వెనింగ్

*

క్లాతెన్, మార్చి 1

గెందుక్,

నువ్వు మీ బాబాయికి ఏం చెప్పావో తెలియదు గానీ, వాడు మన ఇంటి పరువు వాకిట్లో ఆరేశాడు. ఒదిలియా బండి దిగీ దిగకముందే "మా అమ్మ నొప్పితో చస్తుంటే మీరు మందివ్వరా?" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఎదురింటి వాళ్లు కిటికీ రెక్కలు తీశారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "వచ్చినప్పుడల్లా అడుగుతున్నానండీ. నొప్పికి మందు కావాలా అంటే ఎయాంగే వద్దంటారు. పదికి ఎంత నొప్పి అంటే రెండంటారు. నేనేం చెయ్యను?" అంది.

ఆ పిల్ల చెప్పింది నిజమే. రెండనే అన్నాను. పదికి ఎంత అని ముఖం మీద అడిగితే ఏం చెబుతాం? పెళ్లిలో పళ్ళెం పట్టుకుని ఇంకా వడ్డించు, ఇంకా వడ్డించు అన్నట్టుండదూ? మందు కావాలా అంటే, అడిగీ అడగ్గానే తల ఊపేస్తామా? "వద్దులే తల్లీ, నీకెందుకు శ్రమ" అన్నాను. "సరే ఎయాంగ్" అని సంచీ మూసేసింది. ఇంకోసారి అడుగుతుందేమోనని దాని చేతుల వంకే చూశాను. అడగలేదు. సరే, మందు కొంచెమే ఉందేమో, నాకంటే అవసరమైన వాళ్ల కోసం దాచిందేమో అనుకున్నాను. ఇంకొకరి వాటా లాక్కోవడం నావల్ల కాదు.

ఆ మందు పేరు కూడా విన్నాను. మార్ఫిన్. కూటంలో నా నేస్తం పర్జియెమ్ మొగుడికి ఆఖర్న ఇచ్చింది అదే. ఆ మందు గుమ్మంలోకి వచ్చిందంటే దాని వెనకాలే శవానికి చుట్టే కఫన్ గుడ్డ వస్తుంది. కఫన్ వెంటనే రాకపోయినా, ఆ మందు వేసుకుంటే మత్తులో ఉంటామట. నా పద్యాలన్నీ నా తలకాయలో ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ లేవు. అవి మరిచిపోయి నొప్పి లేకుండా పడుకునే కంటే, నొప్పితో గుర్తుపెట్టుకోవడమే నయం.

నువ్వు అడిగిన లెక్క: ఆ మాటలన్నీ నావే. ఇక ఈ సంగతి కదపకు.

సుకప్తి

*

మేదాన్, మార్చి 9

ఎయాంగ్,

మీకు కోపంగా ఉంది. మీ పేరు ముందు ఎయాంగ్ అని కూడా రాయలేదు. అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

మీ ఉత్తరాన్ని ఇనాంగ్‌కి మన భాషలోంచి మార్చి చెప్పాను. "మొదటిసారి అడిగితే వద్దనాలి" అన్న దగ్గర గరిటె ఆగింది.

"అంటే? నువ్వు కూడా అంతేనా?"

"ఏది?"

"నా పులుసు. వద్దన్నావే ఇన్నాళ్లూ."

"కావాలనే వద్దన్నానండీ."

"కావాలని వద్దంటే కావాలనా, వద్దనా? సరిగ్గా చెప్పు, తల తిరుగుతోంది."

చెప్పాను. ఆవిడ పీట మీద కూలబడింది. "నా వంట నీకు నచ్చలేదనుకున్నాను. జావా పిల్ల నా పులుసు చూసి మూతి ముడుస్తోందని మా చెల్లెలి దగ్గర ఏడ్చాను కూడా. మా దగ్గర వద్దంటే వద్దే. మళ్లీ అడిగితే పీక మీద కూర్చున్నట్టు." ఆ పూట నా పళ్ళెంలో పోసిన పులుసుకు గట్టు కట్టాల్సి వచ్చింది.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటూ, నేను ఆవిడ పిసినారి అనుకున్నాను, ఆవిడ నాకు పొగరనుకుంది. ఇద్దరం మర్యాదగానే ఉన్నాం. అక్కడా అదే జరుగుతోంది, ఎయాంగ్. ఒదిలియా మందు దాచలేదు. మీరు వద్దన్న మాటకు విలువిచ్చింది. మీరు మళ్లీ అడుగుతుందని చూశారు. ఇద్దరి మర్యాదల మధ్యా మీ తుంటి నలిగిపోయింది.

అది ఆఖరి మందా, పద్యాలు మరిచిపోతారా అన్నవి నాకు తెలియవు. నేను మాటల పిల్లని, మందుల పిల్లని కాను. ఆ రెండూ ఒదిలియానే అడగండి. మీకు అది పళ్ళెం చాచినట్టుంటుందని నాకు తెలుసు. కానీ వానలు తగ్గినా, రేపటి కూటానికి కూడా మీరు రానన్నారని బాబాయి చెప్పాడు. మందు పద్యాలను మీ నుంచి లాక్కుంటుందని భయపడుతున్నారు గానీ, నొప్పి వాటిని ఎప్పుడో లాక్కుంది.

ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది. తప్పయితే తిట్టండి.

మీ వెనింగ్

*

క్లాతెన్, మార్చి 24

గెందుక్ వెనింగ్‌కు ఎయాంగ్ ఆశీస్సులు.

తిట్టడానికే కూర్చున్నాను. కానీ ఎలా మొదలుపెట్టినా నీ మాటే నిజంగా కనపడింది. అందుకని తిట్లు తర్వాతికి ఉంచుకుంటున్నాను.

ఒదిలియా మళ్లీ వచ్చింది. మీ బాబాయి అరిచాడు కదా, ఇక రాదేమో అనుకున్నాను. బొప్పాయి పండు పట్టుకుని వచ్చింది. నేను నోరు తెరవడానికి ముందు టీ తాగాను, ఎండ గురించి మాట్లాడాను, బొప్పాయి గురించి మాట్లాడాను. తర్వాత అన్నాను: "నేను వద్దంటే వద్దని కాదు."

"మరి?"

"ఇంకోసారి అడగమని."

"రెండోసారీ వద్దంటే?"

"ఇంకోసారి."

అది గడప మీదే కూర్చుండిపోయింది. "ఎయాంగ్, నేను రోజూ ఎన్ని ఇళ్లు తిరగాలి? ఇంటికి మూడుసార్లు చొప్పున అడుగుతూ పోతే నేను బండి మీదే ముసలిదాన్నయిపోతాను."

నవ్వొచ్చింది. నవ్వగానే పక్కటెముకల్లో జివ్వుమంది. అది చూసింది.

"ఇప్పుడు వచ్చింది ఎంత?"

"రెండు."

"ఎయాంగ్."

"ఏడు."

నలుగురిలో ఒంటి మీద బట్ట జారినట్టు సిగ్గేసింది. అది మాత్రం ముఖం మార్చలేదు, కూరగాయల ధర విన్నట్టు తల ఊపి రాసుకుంది.

అడగాల్సినవన్నీ అడిగాను. ఇది ఆఖరి మందా అంటే, "కాదు, నొప్పి మందు. నొప్పి ఎప్పుడుంటే అప్పుడే ఇస్తాం. మీ స్నేహితురాలి భర్తకు చివర్లో ఎందుకిచ్చారంటే, ఆయన చివరిదాకా చెప్పలేదు కాబట్టి" అంది. అది విన్నాక దానికి ఇంకో గ్లాసు టీ పోసిచ్చాను. అలవాటు పడిపోతానా అంటే, డాక్టరు చూస్తూ మోతాదు సరిచేస్తుంటే నొప్పి ఉన్నవాళ్లు దానికి బానిసలు కావడం అరుదట. భయపడాల్సింది మలబద్ధకానికట. బొప్పాయి అందుకట. ఇచ్చిన కానుకకు కారణం చెప్పే పిల్లను ఇప్పుడే చూస్తున్నాను.

నేను నీకు పంపిన మాటలన్నీ దానికీ చెప్పాను. అది డాక్టరుకు చెప్పింది. పీకుడికి ఒక మందు, జివ్వుమనేదానికి ఇంకో మందు ఉంటాయట. ఆస్పత్రిలో తుంటికి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించారు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, గడియారం చూసి వేసుకోవాలి. మధ్యలో పొడిస్తే అదనంగా వేసుకునేది చిన్న సీసాలో ఇచ్చారు.

మొదట్లో రెండు మూడు రోజులు ఎండలో కోడిపెట్టలా తూగాను. పద్యాలు పోయాయని ఏడుపొచ్చింది. తర్వాత మత్తు విడిచింది. మీ పిన్ని మిరపకాయలు నూరుతుంటే పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పాడి చూసుకున్నాను. ఒక చరణం దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ చరణం నాకు పెళ్లికి ముందు నుంచీ దొరకదు.

నొప్పి పూర్తిగా పోలేదు. జబ్బూ పోలేదు, పోతుందని ఎవరూ చెప్పలేదు. కానీ ఇప్పుడది మూడు దగ్గర కూర్చుంటోంది. మూడుతో కాపురం చెయ్యగలను.

నీ ఎయాంగ్

*

మేదాన్, ఏప్రిల్ 3

ఎయాంగ్,

మీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. ఇనాంగ్ "ఏమైందే?" అని పై నుంచి అరుస్తుంటే "ఏడు" అని అరిచాను. ఆవిడకేం అర్థం కాలేదు, అయినా సంతోషించింది.

మాస్టారికి కూడా అసలు సంగతి చెప్పాను. ఆయన ఊహాశక్తి అన్న మాట వెనక్కి తీసుకున్నారు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, లేకపోతే ఈపాటికి ఓడ ఎక్కేసేదాన్ని.

ఒక్క మాట. ఈ క్లివోన్ మంగళవారం కూటానికి వెళ్తారని నాకు తెలుసు, వద్దన్నా ఆగరు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకండి. కుర్చీ అడగండి. అందరూ కింద ఉంటే మీరొక్కరే పైన కూర్చోవడం బాగుండదని అంటారు, అదీ తెలుసు. అయినా అడగండి.

ఆ పేరు లేనిదానికి పేరు వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు.

మీ వెనింగ్

*

క్లాతెన్, ఏప్రిల్ 17

గెందుక్,

వెళ్లాను. మీ బాబాయి నన్ను గుడ్ల బుట్టలా బండి మీద పెట్టుకుని, ప్రతి గుంట దగ్గరా దిగి నడిపిస్తూ తీసుకెళ్లాడు. కుర్చీ అడగలేదు. పర్జియెమ్ నా నడక చూసి, ఏమీ అనకుండా తన వంటింటి పీట తెచ్చి, పైన దిండు వేసింది. అదీ బాగానే ఉంది. చాప మీద వాళ్ల తలలకు నా తల జానెడే ఎత్తు.

కూటం పెద్ద పాక్ రెక్సో గొంతు సవరించుకుని నా వంక చూశాడు. మొదటి పద్యం ఎత్తుకున్నాను. ఇంతకాలం మూలుగు దాచుకున్న గొంతు కదా, తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. మొదట్లో కొంచెం కీచుమంది, తర్వాత దారిలో పడింది. పర్జియెమ్ కళ్లు మూసుకుని ఊగుతోంది. అంతా బాగుంది.

నాలుగో పాదం మధ్యలో పొడిచింది. మూడు కాదు, ఎనిమిది. మందు వేసుకునే వెళ్లాను, అయినా వచ్చింది. ఇదివరకైతే ఏం చేసేదాన్నో నీకు తెలుసు. పాదం పూర్తి చేసి, నవ్వి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగేదాన్ని. ఈసారి ఆపేశాను.

"ఆగండి. నొప్పి వచ్చింది. మందు వేసుకోవాలి" అన్నాను.

యాభై ఏళ్లుగా ఆ కూటంలో పద్యం మధ్యలో ఎవరూ ఆపలేదు. పాక్ రెక్సో నోరు తెరిచే ఉండిపోయాడు. నేను సీసా తీసి, మూతలో కొలుచుకుని తాగాను. ఖాళీ మూత పర్జియెమ్ అందుకుంది. మందు పనిచేసేదాకా ఆగాలి కదా. అందరూ నన్నే చూస్తూ కూర్చోలేరు, అలాగని చూపు తిప్పుకోలేరు. చివరికి పాక్ రెక్సో అన్నాడు, "ఆగేది ఎలాగూ ఆగాం, నేనూ కాలు చాపుకుంటాను. మోకాలు ఎప్పట్నుంచో చంపుతోంది."

"ఎప్పట్నుంచి?" అంది పర్జియెమ్.

"కిందటి రాజుగారి కాలం నుంచి."

అంతే, సంత మొదలైంది. ఒకరికి మెడ, ఒకరికి పన్ను, వెనకాల కూర్చున్నావిడకు కడుపులో ఏదో ఉండలా తగులుతోందట, ఇంట్లో కూడా చెప్పలేదట. ఆవిడకు ఒదిలియా వచ్చే రోజు చెప్పాను. మా ఇంటికే రమ్మన్నాను, వస్తుంది, నేను పట్టుకుని కూర్చోబెడతాను. అంతమంది ముసలాళ్లం అన్నేళ్లు పక్కపక్కన కూర్చుని పద్యాలు పాడాం గానీ, ఒకరి మోకాలు సంగతి ఒకరికి తెలియదు.

పర్జియెమ్ మాత్రం ఏమీ చెప్పలేదు. సీసా మూత చేతిలో తిప్పుతూ, "మా ఆయన కూడా ఇలా ఆగండి అని ఉంటే, ఆగేవాళ్లం కదా" అంది. "ఆగేవాళ్లం" అన్నాను. ఆమె భుజం నా భుజానికి ఆనించింది. అలాగే కూర్చున్నాం.

పోటు మెల్లగా దిగింది. ఎనిమిది నుంచి ఆరు, ఆరు నుంచి నాలుగు. "ఆపిన పాదం దగ్గర్నుంచా?" అని పాక్ రెక్సో అడిగాడు. "కాదు, మొదటి నుంచి" అన్నాను. ఎవరూ కాదనలేదు. కాళ్లు చాపినవాళ్లు అలా చాపుకునే విన్నారు. పద్యం చివరిదాకా పాడాను.

ఎయాంగ్ సుకప్తి